కేకకూ కదలికకూ మధ్య

నవంబరు 3

ఆఫీసు రికార్డులో రిమార్కుల గడి అగ్గిపెట్టెంత ఉంటుంది. "పరిస్థితి సాధారణం" అని రాస్తే నిండిపోతుంది. పరిస్థితి ఎలా ఉన్నా అదే రాయమంటారు కాబట్టి ఇన్నేళ్ళూ చోటు చాలకపోవడమన్నది లేదు. ఇక్కడికి వచ్చాక చాలడం లేదు. అందుకే ఈ నోటుపుస్తకం.

నా పేరు హైమవతి. బహిరంగ వాక్కు శాఖలో ఆపరేటర్‌ని, తొమ్మిదేళ్ళ సర్వీసు. పదిమందికి మించి గుమిగూడి నినాదాలివ్వాలంటే అనుమతి కావాలి. అనుమతి కాగితం వెనకాలే నేను వస్తాను, నా వెనకాల పెట్టె వస్తుంది. దాని అసలు పేరు వ్యవధి మాపకం. జనం తేడా పెట్టె అంటారు. నేనూ అదే అంటాను.

పెట్టె చేసే పని ఒకటే. ఒకరు ఒక మాట అంటారు. అది విని జనం చేతులు కదులుతాయి. రేషన్‌కీ ఆసుపత్రికీ ప్రతివాళ్ళూ కట్టుకునే చేతిపట్టీ ఆ కదలికను పెట్టెకు చెబుతుంది. మాటకూ కదలికకూ మధ్య ఎంత తేడా ఉందో పెట్టె చూపిస్తుంది. నాలుగు సెకన్లు దాటితే పచ్చ దీపం. అంటే విన్నవాళ్ళు ఆలోచించుకునే కదిలారని, ఎవరి తప్పు వాళ్ళదేనని. నాలుగు లోపయితే ఎర్ర దీపం. అంటే ఆలోచించే వ్యవధి లేదని. ఆ కదలిక వల్ల ఏదైనా నష్టం జరిగితే పాపమంతా మాట అన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. దాన్ని ఉసిగొల్పడం అంటారు, తొమ్మిదో సెక్షన్.

ఇవాళ జీడిగెడ్డపాలెం వాళ్ళకు ఈ నియమాలు చెప్పాను. పాలెం పక్కనే ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు ఉంది. అది వదిలే వేడి ఉప్పుద్రవం నేరుగా ఒడ్డుకే వస్తుంది, చేప దూరం పోయింది. గొట్టాన్ని రెండు కిలోమీటర్లు లోపలికి జరపమని వీళ్ళు అడుగుతున్నారు. గొంతెమ్మ కోరికేమీ కాదు. ప్లాంటు గేటు ఎదురుగా పద్నాలుగు రోజుల ధర్నాకు అనుమతి వచ్చింది, నాలుగు నినాదాలు మంజూరయ్యాయి.

వీళ్ళ తరఫున మాట్లాడేది సూరాడ కొర్లమ్మ. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి, గొంతు మాత్రం అవతలి ఊరికి వినిపిస్తుంది. నేను చెప్పిందంతా విని జనం వైపు తిరిగింది.

"ఇన్నారా? నాను నినాదం అంతాను. మీరు నాలుగు లెక్కెట్టి అప్పుడు సెయ్యెత్తండి. ముందెత్తినోడికి అంబలి నేదు."

అలాగే చేశారు. ఆమె "గొట్టం జరపాలి" అంటుంది. అందరూ పెదాలతో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టుకుని చెయ్యెత్తుతారు. బడిలో డ్రిల్లులా ఉంది. ప్లాంటు సెక్యూరిటీ వాళ్ళు ఆవలించారు. పెట్టె పొద్దంతా పచ్చగా వెలిగింది.

సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుంది. "అమ్మా, నిజం సెప్పు. ఎవులికైనా కడుపు మండినప్పుడు నాలుగు లెక్కెడతారేటి?"

"చట్టం అలాగే ఉందమ్మా."

"ఆ సట్టానికి ఆకలెయ్యదు గావాల," అంది. నేను నవ్వాను. తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది.

నవంబరు 5

పెట్టె మైకుకు ఉప్పుగాలి పట్టకుండా రోజూ కొబ్బరినూనె గుడ్డతో తుడవాలి. ఆ పని మీద తెల్లారగానే ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. పెద్దవల లాగుతున్నారు.

డీజిలు ఆగిపోయాక మర పడవలన్నీ ఇసుకలో తుప్పుపట్టాయి. తాతలనాటి పెద్దవల మళ్ళీ బయటికి వచ్చింది. ఒక తెప్ప వల తీసుకుని లోపలికి వెళ్ళి, వంపుగా విడిచిపెట్టి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఆడా మగా కలిసి నలభై ఒక్కమంది రెండు గంటల సేపు ఆ తాళ్ళు లాగాలి. అందరూ ఒక్కసారి లాగాలి, ఒక్కసారి ఆగాలి. కెరటం వెనక్కి ఈడ్చేటప్పుడు లాగితే తాడు అరచేతి తోలు ఒలిచేస్తుంది, లేదా వల చిరుగుతుంది.

రెండు తాళ్ళకూ మధ్యన కొర్లమ్మ నిలబడింది. సముద్రం వైపు చూస్తూ కేక వేసింది. "ఓ... లాగు, ఐలెసా." నలభై ఒక్కమంది నడుములూ ఒక్కసారి వెనక్కి వంగాయి.

ఊరికే కుతూహలం కొద్దీ పెట్టెను పరీక్ష మీట మీద పెట్టి చూశాను. సున్నా పాయింట్ మూడు. మళ్ళీ చూశాను. అంతే. తొమ్మిదేళ్ళలో నేనెక్కడా ఇలాంటి అంకె చూడలేదు. మంత్రిగారి సభలో చప్పట్లకు కూడా ఒకటిన్నర సెకను పడుతుంది, అదీ రోజుకూలి ఇచ్చి తెచ్చిన జనానికి.

లాగడం అయ్యాక కొర్లమ్మకు అంకె చూపించాను. వాళ్ళు ఆమె మాట ఎంతగా వింటారో అని మెచ్చుకోబోయాను. ఆమె చెయ్యి ఊపేసింది.

"నా మాటేటమ్మా? నాను సెప్తే ఈలు సెంబుడు నీళ్ళు కూడా తేరు. కెరటం ఎప్పుడొగ్గుతాదో నాను సూత్తాను, ఆలకి సెప్తాను. ఆలు తాడు మీదున్నారు గందా, తల తిప్పి సూడనేరు. అంతే."

ఆమె మరిది ముత్తేలు పక్కనే వల దులుపుతున్నాడు. "మా వదిన మాట ఇన్నోడు బాగుపణ్ణాడా," అన్నాడు. ఆమె అతని మీదికి ఒక నాచుముద్ద విసిరింది.

నవంబరు 7

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ధర్నా ఐదో రోజు. పదకొండు దాటింది. ప్లాంటు ఇనుప గేటు పట్టాల మీద పక్కకు జరిగేది. ఎత్తు రెండు నిలువులు ఉంటుంది. ఉప్పుగాలి దాని అడుగు తినేసింది. లారీ లోపలికి పోయాక సెక్యూరిటీ గార్డు పైడినాయుడు గేటు మూయబోయాడు. అది పట్టా తప్పి అతని మీదికి ఒరిగి పడింది. నడుం కింద నుంచి గేటు కిందే ఉండిపోయాడు.

లోపలి నుంచి ఇంజనీరు పరుగెత్తుకొచ్చి క్రేన్‌కి కబురు చేశాడు. నలభై నిమిషాలు పడుతుందన్నారు. పైడినాయుడు మొదట అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు. అతని ముఖం తెల్లబడుతోంది. గార్డులు నలుగురూ గేటు పట్టుకుని ఎత్తబోయారు. నలుగురివీ నాలుగు ఊపులు. గేటు ఇంచి లేచి మళ్ళీ అతని మీదే పడింది.

కొర్లమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. టెంటు తాళ్ళు విప్పించి గేటు పై కమ్మీకి రెండు కొసలా కట్టించింది. జనం రెండు వరసలుగా తాళ్ళు పట్టుకున్నారు. ఆమె మధ్యన నిలబడి కేక వేసింది. మూడే మూడు లాగుళ్ళు. మొదటి దానికి గేటు లేచింది, రెండోదానికి నిలబడింది, మూడోదానికి అటువైపు పడింది. పడ్డప్పుడు మధ్యకు వంగి, పక్కన కంట్రోలు డబ్బా మీద పడి దాన్ని నలగ్గొట్టింది. పైడినాయుడి కాలు రెండు చోట్ల విరిగింది. మనిషి బతికాడు.

ముత్తేలు తలపాగా విప్పి అతని తల కింద పెట్టాడు. ఎవరో అంబలి పోశారు. అప్పుడు గమనించాను, నా పక్కన పెట్టె కొడుతున్న మోత. ఎర్ర దీపం. తేడా: సున్నా పాయింట్ మూడు. జనం: నలభై ఒకటి. నష్టం: రక్షిత ప్రాంతపు గేటు, విద్యుత్ పరికరం. కింద ఒకే మాట: ఉసిగొల్పు, అత్యధికం.

నవంబరు 8

ఎర్ర రీడింగు మీద ఇరవై నాలుగు గంటల్లో ఆపరేటర్ సంతకం పెట్టాలి. మా పర్యవేక్షకుడు రాజశేఖరంగారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అంకె తప్పా?" అన్నారు.

"తప్పు కాదు సార్. కానీ అది ఉసిగొల్పడం కాదు. ప్రాణం కాపాడారు."

"అది మీరు తేల్చేది కాదు హైమవతిగారూ. మీ సంతకం పెట్టె సరిగ్గా పనిచేసిందనడానికి మాత్రమే. పనిచేసిందా?"

"పనిచేసింది."

"మరింకేంటి. మిగతాది పైవాళ్ళు చూసుకుంటారు. వాళ్ళేమైనా గుడ్డివాళ్ళా?"

నాకు అది సబబుగానే అనిపించింది. ఇంత స్పష్టమైన సంగతి ఎవరికైనా అర్థమవుతుంది అనుకున్నాను. అంకె నిజమే కదా అనుకున్నాను. రిమార్కుల గడిలో "గార్డును రక్షించుటకు" అని రాయబోతే "రక్షించు" దగ్గర గడి నిండిపోయింది. సంతకం పెట్టాను.

నవంబరు 12

పైవాళ్ళు చూసుకున్నారు. కొర్లమ్మకు నోటీసు వచ్చింది. మిగతా నాలుగు రోజుల ధర్నా అనుమతి రద్దయింది. నేరం రుజువైతే శిక్ష స్వరనిర్బంధం, అంటే గొంతు మీద అతికించే పట్టీ. గుసగుసకు మించిన ధ్వని ఏది వచ్చినా దాన్ని అక్కడికక్కడే అణిచేస్తుంది. జనం దాన్ని గొంతుకట్టు అంటారు.

నోటీసు కింద ఆధారం అన్నచోట నా సంతకం ఉంది. అందంగా, వంకర లేకుండా ఉంది.

కొర్లమ్మ ఇంటికి వెళ్ళాను. నన్ను గుమ్మంలోంచే తరిమేస్తుందని అనుకున్నాను. కూర్చోమంది. ముత్తేలు మాత్రం కూర్చోనివ్వలేదు.

"అక్కడే ఉన్నావు గందా మేడమ్. నీ కళ్ళతోటే సూసినావు. మరెందుకు సంతకమెట్టినావు?"

చెప్పడానికి ప్రయత్నించాను. పెట్టె పనితీరు గురించి, ఇరవై నాలుగు గంటల గురించి. నోట్లోంచి వస్తుంటే నాకే అసహ్యం వేసింది.

"సాలు," అన్నాడు ముత్తేలు. "వదిన గొంతు కట్టేత్తే వల ఎవులు లాగిత్తారు? నువ్వు లాగిత్తావా?"

కొర్లమ్మ అతన్ని కసిరింది. "దానిమీదెందుకురా ఏడుత్తావు. దాని సేతిలో ఏటుంది." ఆ మాట నన్ను ముత్తేలు మాటకంటే ఎక్కువ పొడిచింది. నా చేతిలో పెన్ను ఉండింది.

నవంబరు 19

విచారణ. పట్నంలో వాక్కు న్యాయస్థానం. గోడ మీద పెద్ద అక్షరాలతో "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని రాయించారు. ఎవరి నోరో రాయలేదు.

కొర్లమ్మ తరఫున ఉచిత న్యాయసేవ నుంచి షమీమ్ అనే లాయరు వచ్చారు. మొదట పైడినాయుడు సాక్ష్యం, ఆసుపత్రి మంచం మీద నుంచి తెర మీద. షమీమ్ అడిగారు, "మీ ప్రాణం ఎవరు కాపాడారు?"

"కొర్లమ్మండి," అన్నాడు వెంటనే.

ప్రభుత్వ న్యాయవాది లేచాడు. సాక్షి జవాబుకు సున్నా పాయింట్ ఎనిమిది సెకను మాత్రమే పట్టిందనీ, నాలుగు సెకన్లలోపు వచ్చిన జవాబు ఆలోచించి చెప్పింది కాదనీ, ప్రశ్న వేసినవారు ఉసిగొల్పితే వచ్చిందనీ అన్నాడు. జడ్జిగారు తల ఊపి ఆ సాక్ష్యం కొట్టేశారు. మళ్ళీ అడగడానికి అనుమతించారు. ఈసారి పైడినాయుడు పాపం వేళ్ళ మీద నాలుగు లెక్కపెట్టుకుని అదే మాట చెప్పాడు. లెక్కపెట్టడం చూస్తే ఇతనికి ఎవరో నేర్పించారని తెలుస్తోంది కదా అన్నాడు న్యాయవాది. అదీ కొట్టేశారు. కాలు విరిగిన మనిషి, ఇంకెలా చెబితే నిజం అవుతుంది?

తర్వాత నేను. పెట్టె పనిచేసిందా, చేసింది. తేడా ఎంత, సున్నా పాయింట్ మూడు. గేటు విరిగిందా, విరిగింది. షమీమ్ వంతు వచ్చినప్పుడు ఆమె ఒకటే అడిగారు. "మీ పెట్టె దేన్ని కొలవదు?"

"ఎందుకు కదిలారో కొలవదు," అన్నాను. "ఆ గేటు కింద ఒక మనిషి..."

"తొమ్మిదో సెక్షన్ ఎందుకు అని అడగదు," అన్నారు జడ్జిగారు. "కూర్చోండి."

షమీమ్ వదల్లేదు. ఈ జనం కొర్లమ్మ ఏం చెబితే అది ఆలోచించకుండా చేస్తారని కదా అభియోగం, అయితే ఇక్కడే పరీక్షించండి అన్నారు. జడ్జిగారికి ముచ్చట వేసినట్టుంది, ఒప్పుకున్నారు. అందరం ఆవరణలోకి వెళ్ళాం. పాలెం వాళ్ళు నలభై ఒక్కమందీ వచ్చి ఉన్నారు. నేను పెట్టె పెట్టాను. షమీమ్ చెప్పమన్నట్టే కొర్లమ్మ గట్టిగా అంది.

"ఈ కోర్టు గేటు ఇరగ్గొట్టండి."

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముత్తేలు ముందుకొచ్చాడు. "ఎందుకే వదినా? ఈ గేటు మనకేటి సేసినాది?"

"ఇరగ్గొట్టమన్నాను గందా."

"నీకు మతి పోనాదేటి. దీని కరీదు ఎవులు కడతారు?"

ఒకామె ముందు భోజనం సంగతి చూడమంది. ఇంకొకాయన, ఆ రోజు గేటు కింద మనిషి ఉన్నాడు, ఈ గేటు కింద కుక్క కూడా లేదు అన్నాడు. వాదన పెరిగింది. కొర్లమ్మ నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ తిట్లు తింది. పదకొండు నిమిషాలు గడిచాయి. పెట్టె పచ్చగా వెలుగుతూనే ఉంది. కోర్టు బంట్రోతులు కూడా నవ్వేశారు. ఇక గెలిచాం అనుకున్నాను.

షమీమ్ అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో. ఆమె తాడు తెప్పించారు. ఆవరణలో పాడైన జీపు ఒకటి ఉంది. దాన్ని లాగించమన్నారు, పనికీ అల్లరికీ తేడా చూపించడానికి. కొర్లమ్మ కేక వేసింది. జీపు కదిలింది. సున్నా పాయింట్ మూడు. జడ్జిగారి ముఖంలో నవ్వు పోయింది. నేను ఆ ముఖమే చూస్తున్నాను. ఆయన భయపడ్డారు.

తీర్పు అరగంటలో వచ్చింది. "ఒక్క కేకకు నలభై ఒక్కమంది ఒక్కటిగా కదలడం న్యాయస్థానం స్వయంగా చూసింది. నిందితురాలి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇటువంటి సామర్థ్యం ఒక వ్యక్తి గొంతులో ఉండటమే ప్రజాశాంతికి ముప్పు." మూడు వేట కాలాల స్వరనిర్బంధం. పదకొండు నిమిషాల గురించి తీర్పులో ఒక్క వాక్యం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

తప్పు చేయమంటే చేయలేదు, మంచి చేయమంటే చేశారు. ఇంతకంటే బుద్ధిమంతులైన జనం ఏ ప్రభుత్వానికి దొరుకుతారు? వీళ్ళకు కావలసింది బుద్ధి కాదు. ఎవరి మాటా ఎవరూ వినకపోవడం కావాలి.

నవంబరు 21

పట్టీ వేశారు. అతికించింది మా శాఖవాళ్ళే. నేను పక్కన నిలబడాలి, నియమం. కొర్లమ్మ కళ్ళు మూసుకోలేదు. అయిపోయాక ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి, మెడ నరం ఉబ్బింది, ఏమీ రాలేదు. రెండోసారి గుసగుసగా అంటే వినిపించింది.

"మంచినీళ్ళు."

నీళ్ళు ఇచ్చాను. ఆమె తాగుతుంటే నేను బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది, కోపమంతా నా మీదే ఉంది.

సాయంత్రం ఇంకో ఉత్తర్వు. జీడిగెడ్డపాలెం ఒడ్డున మూడు వేట కాలాల పాటు గుంపును కదిలించే కేక, డప్పు, ఈల, సైగ ఏవీ చేయరాదు. నష్టం జరిగినా జరక్కపోయినా, తేడా నాలుగు సెకన్లు దాటకపోతే శిక్ష. ముందు జాగ్రత్త అట. కనిపెట్టి చూడటానికి ఆపరేటర్‌ను అక్కడే ఉంచాలట. ఆ ఆపరేటర్ నేనే.

నవంబరు 26

ఐదు రోజుల్లో రెండుసార్లు వల వేశారు. మొదటిసారి ఎవరికి వారు మనసులో లెక్కపెట్టుకుని లాగారు. అందరి లెక్కా ఒకటి కాదు. ఒక తాడు ముందు, ఒక తాడు వెనక. వల మెలిపడి చేపంతా పక్కనుంచి పోయింది. ఇవాళ రెండోసారి. కెరటం ఈడ్చేటప్పుడు సగం మంది లాగారు. వల నడుమ మనిషి దూరేంత చిరుగు పడింది. ముత్తేలు భుజం కీలు తప్పింది.

కొర్లమ్మ అక్కడే ఇసుకలో కూర్చుని ఉంది. ప్రతిసారీ సరైన క్షణంలో ఆమె నడుం తనకు తెలియకుండానే వెనక్కి వంగడం చూశాను. ఎవరూ ఆమె వైపు చూడరు. చూస్తే అది సైగ అవుతుందని భయం.

మా పని ఇదా అని అడుగుతున్నాను. తొమ్మిదేళ్ళుగా జనం కొట్టుకోకుండా కాపాడుతున్నానని అనుకున్నాను. మా అమ్మకు కూడా అలాగే చెప్పాను. విషం కక్కే నాయకుడొకడు నా పెట్టె ముందే మాట్లాడాడు, మూడేళ్ళ కింద. చక్కగా మెత్తగా, మాట మాటకూ ఆగి మాట్లాడాడు. జనం ఇంటికెళ్ళి, అన్నం తిని, మర్నాడు వెళ్ళి ఒక వీధి తగలబెట్టారు. నా పెట్టె పచ్చగా వెలిగింది. నేను "పరిస్థితి సాధారణం" అని రాశాను.

నవంబరు 28

పాలెంలో కూర్చుని మాట్లాడుకున్నారు. పదిమందికి మించితే అనుమతి కావాలి కాబట్టి విడతలు విడతలుగా మాట్లాడుకున్నారు. చిరుగు కుట్టి ఆదివారం ఒక్కసారి వేస్తారు. అదీ పోతే వల కోసి తాళ్ళుగా ముక్కలుగా అమ్మేసి, పట్నంలో ఏ పని దొరికితే ఆ పనికి పోతారు. పెద్దవల ఒకసారి కోశాక మళ్ళీ కట్టడం ఇప్పుడెవరికీ రాదు.

"కొత్తగా ఎవరైనా కేక వేయకూడదా?" అని అడిగాను, బుద్ధిలేని ప్రశ్న.

ముత్తేలు కట్టుకట్టిన చేత్తో నా నడుముకున్న పెట్టె చూపించాడు. "ఏసినోడి గొంతు కట్టడానికి నువ్వు పక్కనే ఉంటావు గందా."

నవంబరు 30, ఆదివారం

పొద్దున్న తెప్ప వెళ్ళేటప్పుడు నీళ్ళు నల్లగా కదలడం కనిపించింది. కవళ్ళ చేపల గుంపు. ఈ సీజన్లో ఇంత పెద్దది రాలేదన్నారు. వల వేసి వచ్చారు. తాళ్ళు పట్టుకున్నారు. ముత్తేలు ఒంటిచేత్తో పట్టుకున్నాడు. నేను నా చోట నిలబడ్డాను, పెట్టె ఆన్‌లో ఉంది.

గంటసేపు చేతనైనట్టు లాగారు. వల సగం దూరం వచ్చేసరికి చేప బరువు తెలిసింది. తాళ్ళు కీచుమన్నాయి. కుడి తాడు లాగితే ఎడమ తాడు ఆగుతోంది. కుట్టిన చోట దారం ఒక్కొక్కటే తెగడం ఒడ్డుకు కనిపిస్తోంది. ఒకావిడ అరచేతుల్లోంచి రక్తం కారుతోంది, ఆవిడ తాడు వదల్లేదు. నలభై ఒక్కమంది నోళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, తమ బతుకు తమ చేతుల్లోంచి జారిపోవడం చూస్తున్నారు. వాళ్ళ నోళ్ళు మూయించిన సంతకం నాది.

నేను కొర్లమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. సముద్రం వైపు తిరిగి అరిచాను. "ఓ... లాగు, ఐలెసా."

ఎవరూ కదల్లేదు. తలలు తిప్పి నన్ను చూశారు. ఉచ్చు అనుకున్నారు. అనుకోవడంలో తప్పేముంది? ఆరు సెకన్ల తర్వాత కొందరు లాగారు. పెట్టె పచ్చగా వెలిగింది. ఎవరూ నమ్మని మనిషి ఎంత అరిచినా ఈ దేశంలో నేరం కాదు.

మళ్ళీ అరిచాను. గొంతు కీచుగా ఉంది, నాకే వినబుద్ధి కాలేదు. అప్పుడు చెవి దగ్గర ఊపిరి తగిలింది. కొర్లమ్మ లేచి నా వెనక నిలబడింది. "ఇప్పుడు కాదు," అంది గుసగుసగా. కెరటం విరిగింది, వెనక్కి పోయింది. "ఇప్పుడు కాదు. ఇప్పుడు."

కేక వేశాను. మూడు పాయింట్ ఒకటి. ఎర్ర దీపం. ముత్తేలు అది చూశాడు, నా ముఖం చూశాడు. తర్వాత తల తిప్పి తాడు మీద వంగాడు. ఇక ఎవరూ నా వైపు చూడలేదు. "ఇప్పుడు," అంది కొర్లమ్మ. రెండు. ఒకటిన్నర. సున్నా పాయింట్ తొమ్మిది. పెట్టె మోగుతూనే ఉంది. దాని మోత మీదుగా వినిపించడానికి ఇంకా గట్టిగా అరవాల్సి వచ్చింది. చివరికి నలభై ఒక్క నడుములూ ఒక్కసారి వంగాయి. అది నా కేకకు వంగింది కాదు. కెరటం వదిలింది, నేను చెప్పాను, అంతే. ఈ అంతే అన్నమాట అర్థం కావడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

వల ఒడ్డుకు వచ్చింది. వెండిలా కాదు, బురదలా, బతికున్న బురదలా వచ్చింది. జనం నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, వాటాలు వేస్తున్నారు. కేక వేసినవాళ్ళకు ఒక వాటా ఎక్కువట, నాకు ఇప్పుడే తెలిసింది. ముత్తేలు రెండు తట్టలు తెచ్చాడు. ఒకటి కొర్లమ్మ ముందు పెట్టాడు, ఒకటి నా ముందు.

"నేను తీసుకోకూడదు ముత్తేలుగారూ. గవర్నమెంటు ఉద్యోగిని."

"లంచం కాదు తల్లీ, కూలి," అన్నాడు. "వదినకీ ఇలాగే ఇచ్చీవోళ్ళం. ఊరికినే రాదిది."

తీసుకున్నాను.

పెట్టె ఇంకా మోగుతోంది. ఎర్ర రీడింగు వివరాలు నింపితే గాని ఆగదు. ఇసుకలో కూర్చుని నింపాను. తేడా: సున్నా పాయింట్ నాలుగు. జనం: నలభై ఒకటి. నష్టం: లేదు. కేక వేసిన వ్యక్తి: బి. హైమవతి. వృత్తి అన్నచోట అలవాటు కొద్దీ ఆపరేటర్ అని కొట్టాను. దాన్ని చెరిపేసి, వల లాగించే పని అని రాశాను. కింద ఆపరేటర్ సంతకం అన్నచోట సంతకం పెట్టి పంపించాను. పెట్టె ఆగింది.

ఇప్పుడు పదకొండున్నర. పట్నం నుంచి మా శాఖ జీపు రావడానికి రెండు గంటలు పడుతుంది. చేప ఇంకా ఒడ్డునే ఉంది. వల రెండోసారి వేయడానికి తెప్ప అప్పుడే బయల్దేరింది. తాళ్ళ దగ్గర నన్ను పిలుస్తున్నారు.